దొరబాబు బేరమాడలేదు

ఆ సోమవారం ఉదయం కొట్టు తలుపులు తీసి, ఎప్పటిలాగే దొరబాబు ముందు బిస్కెట్టు ముక్క పెట్టాను. నోట పట్టాడు. ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. కింద పెట్టేశాడు. మళ్లీ తీసుకున్నాడు, మళ్లీ పెట్టేశాడు. తర్వాత మొహం తిప్పుకుని నూనె డబ్బాల వెనక్కి వెళ్లిపోయాడు.

దొరబాబు మా కుందేలు. తెల్లటి ఒళ్లు, బూడిద రంగు చెవులు. మా ఆవిడ సత్యవతి పద్మనాభంలోని పుట్టింటి నుంచి వస్తూ బస్సులో ఒళ్లో కూచోబెట్టుకుని తెచ్చింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. వాడు మూడో మనిషిలా పెరిగాడు.

మల్కాపురంలో మా కిరాణా కొట్టు మా తాత పెట్టింది. రిఫైనరీ వాళ్లూ, పోర్టు వాళ్లూ, ఈమధ్య స్టీల్ ప్లాంట్ కట్టడానికి వచ్చినవాళ్లూ మా దగ్గరే సరుకులు తీసుకుంటారు. నేను నడక నేర్చుకున్నది బియ్యం బస్తాలు పట్టుకుని. సరుకు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కింద పెట్టి, గుమ్మం వైపు నడిచే మనుషులను అప్పటినుంచీ చూస్తున్నాను. వాళ్లు వెళ్లిపోరు. వెనక్కి పిలుస్తామని నడక నెమ్మది చేస్తారు, అంతే. దొరబాబు కూడా అదే విద్య నేర్చాడనుకున్నాను. మా కొట్లో పెరిగినవాడికి ఆ మాత్రం రాదా అని కొంచెం గర్వం కూడా కలిగింది.

మధ్యాహ్నం పుట్నాలపప్పు పెట్టాను. తీశాడు, వదిలేశాడు. సాయంత్రం రొట్టె నీళ్లలో నానబెట్టి పెడితే రెండు ముక్కలు తిన్నాడు. మంగళవారం ఆ రొట్టెకి బెల్లం కూడా రాశాను.

"సూసేవా, ఎంత గడుసోడో. మెత్తటి సరుక్కి దిగొచ్చాడు" అన్నాను సత్యవతితో.

ఆమె వాడి గడ్డం కింద వేలు పెట్టి చూసింది. "ఇదేటి బావా, గెడ్డం అంతా తడిగున్నాది. అలిగినోడికి సొంగ కారతాదా?"

సత్యవతి మా మేనమామ కూతురు. పెళ్లయి ఇన్నేళ్లయినా బావా అనే పిలుస్తుంది.

"నీళ్లు తాగుంటాడు" అన్నాను.

"నీకాడ అన్నిటికీ జవాబుంటాది."

బుధవారానికి వాడు ఒకే మూల, కాళ్లు కిందకి ముడుచుకుని, వీపు గూనిలా పెట్టి కూర్చున్నాడు. ఎత్తబోతే, పుట్టి బుద్ధెరిగి ఎవరినీ కరవనివాడు, నా బొటనవేలు కరిచాడు. దగ్గరగా వంగితే పళ్లు నూరుతున్న చప్పుడు. అది నాకు కోపంలా వినపడింది. నొప్పి అని తర్వాత తెలిసింది.

గురువారం కొట్టు తుడుస్తూ సత్యవతి చీపురు ఆపింది. రోజూ శనగగింజలంత ఉండే పెంటికలు మిరియాలంత ఉన్నాయి. అవి కూడా నాలుగో ఐదో.

"రేపు ఆస్పత్రికి ఎల్దాం బావా."

"ఆదివారం దాకా సూద్దాం."

"నాను రేపే ఎల్తాను. వస్తే రా, నేపోతే నీ కొట్లో నువ్వు కూకో."

శుక్రవారం దొరబాబుని బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, సిటీ బస్సులో పశువుల ఆస్పత్రికి వెళ్లాం. గేదెలూ దూడలూ ఉన్న వరసలో మాదొక్కటే బుట్ట. డాక్టరు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు.

"ఎన్ని రోజుల్నుంచి తినట్లేదండీ?"

ఎవరు ఏ అంకె అడిగినా తగ్గించి మొదలుపెట్టడం నాకు పుట్టుకతో వచ్చింది. పైగా ఐదు రోజులంటే ఇన్నాళ్లూ ఏం చేశారని అడుగుతాడు. సత్యవతి బయట కుళాయి దగ్గర తువ్వాలు తడుపుతోంది.

"నిన్నట్నుంచండీ" అన్నాను.

ఆయన పొట్ట నొక్కి చూశాడు. "మైల్డ్ ఇండైజెషన్ అయ్యుంటది. సిరప్ పట్టండి. రేపటికి తినకపోతే వెంటనే తీసుకురండి."

శనివారం నానిన రొట్టె కూడా ముట్టలేదు. ఎత్తితే ఒళ్లు తడిగుడ్డలా వేలాడింది. చెవులు చల్లగా ఉన్నాయి. బస్సులో సత్యవతి బుట్టలో చెయ్యి పెట్టి, వాడి ఊపిరి అందుతోందో లేదో చూసుకుంటూ కూర్చుంది.

"మొన్నట్నుంచేగా?" అన్నాడు డాక్టరు.

"ఏటి మొన్న? సోమారం నుంచి బాబూ. ఇవాల్టికి ఆరో రోజు" అంది సత్యవతి.

డాక్టరు నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "ఆ మాట నిన్న చెబితే నిన్ననే నోరు తెరిచి చూసేవాణ్ని కదండీ. నాతో బేరమాడతారేంటి?"

నేను దొరబాబుని బుట్టలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

చెవులు పరీక్షించే టార్చి వాడి నోట్లోకి పెట్టి చూసి, నన్నూ చూడమన్నాడు. లోపలి పన్ను ఒకటి సూదిమొనలా పక్కకు పెరిగింది. అది తగిలేచోట నాలుక మీద ఎర్రటి పుండు.

"మోలార్స్ ఓవర్‌గ్రోత్, దవడపళ్లు మరీ పెరిగినయ్యి. మొనల్లాగా స్పర్స్ వచ్చినయ్యి, నాలిక మీద అల్సర్. ఆకలేసి నోట్లోకి తీసుకుంటన్నాడు. నొప్పికి వదిలేస్తన్నాడు. వీటి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతానే ఉంటయ్యి, గడ్డి నమిలితేనే అరుగుతయ్యి. గడ్డి పెడతారా?"

"గడ్డేటండీ, కొట్లో ఇన్ని సరుకులుండగా."

"అందుకే ఇట్టా అయింది."

డీహైడ్రేషన్ ఉంది, ముందు ఫ్లూయిడ్స్ ఎక్కించాలన్నాడు. తర్వాత మత్తిచ్చి పళ్లు కత్తిరించాలి. "ఇంత వీక్‌గా ఉంటే అనస్తీషియా రిస్కే. చెయ్యకపోతే ఇంకా రిస్కు. మీ ఇష్టం."

గ్యారంటీ ఏమిటని అడగబోయి నోరు మూసుకున్నాను.

"సెయ్యండి బాబూ" అంది సత్యవతి.

చర్మం కింద సెలైన్ ఎక్కించారు. మధ్యాహ్నం పళ్లు కత్తిరించారు. బల్ల మీద వాడి డొక్క ఎగసి పడుతుంటే మేమిద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఎంతోసేపటికి ఒక చెవి కదిలింది. తర్వాత రెండోది.

గండం గడిచిందనుకున్నాం. సోమవారానికి ఒక్క పెంటిక కూడా పడలేదు. మళ్లీ బుట్ట, మళ్లీ బస్సు. "గట్ మూవ్‌మెంట్, పేగుల కదలిక, బాగా తగ్గింది" అని డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాడు. సూది తీసేసిన సిరంజి ఒకటి నా చేతిలో పెట్టాడు. గరిక మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, నోటి పక్కనుంచి కొంచెం కొంచెం పట్టమన్నాడు. పొరపోకుండా చూడమన్నాడు, ఒళ్లు వెచ్చగా ఉంచమన్నాడు.

కొట్టు సగం తలుపు వేసి, బస్తాల మధ్య కింద కూర్చుని అదే పని. పోర్టులో పనిచేసే అప్పారావు పంచదారకొచ్చి తొంగి చూశాడు.

"ఏటి షావుకారూ, కుందేలికి సిరంజీతో కూడెడతన్నావా? నాకు జొరమొస్తే పలకరించడానిక్కూడా రానేదు."

"నువ్వు కరుస్తావని రానేదు" అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం వాడు రెండడుగులు గెంతాడు. గెంతినచోట ఒక పెంటిక ఉంది. దాన్ని కాగితంలో పెట్టి సత్యవతికి చూపించాను. ఆమె నవ్వి, వెంటనే కళ్లు తుడుచుకుంది.

గురువారం ఆమె ఒక గరిక పోచ వాడి మూతి ముందు పట్టింది. నోట పట్టాడు. కింద పెట్టలేదు. పోచ కొంచెం కొంచెంగా లోపలికి పోయి, చివరికి మాయమైంది.

ఇది జరిగి ఏడాదిన్నర అవుతోంది. పళ్లు ఒకసారి దారి తప్పితే మళ్లీ తప్పుతాయి. రెండేసి నెలలకోసారి డాక్టరుకి చూపిస్తున్నాం, ఇప్పటికి రెండుసార్లు మళ్లీ కత్తిరించారు. బిస్కెట్లు బంద్. పెరట్లో సత్యవతి గరిక పెంచుతోంది. ప్రతి సోమవారం దొరబాబుని కాటా మీద కూర్చోబెడతాను. ఊళ్లో అందరికీ తూకం వేసే నేను, అప్పట్లో నా కాళ్ల దగ్గర చిక్కిపోతున్నవాణ్ని ఒక్కసారి కూడా తూచలేదు.

కుందేళ్లు పెంచేవారికి నేను చెప్పేదొకటే. తిండి నోట పట్టి వదిలేసినా, ఊరికే ఉండేది కరిచినా, దాని గుణం మారిందని సరిపెట్టుకోకండి. ఆ రోజు తేదీ గోడ మీద రాసుకోండి. ఒక్క పూట ఏమీ తినకపోయినా ఆస్పత్రికి వెళ్లి, రాసుకున్న తేదీని రాసుకున్నట్టే చెప్పండి.

పోయిన నెల డాక్టరు అడిగాడు, ఎన్నాళ్ల నుంచి తిండి తగ్గించాడని. "నిన్న పొద్దుట్నుంచి" అన్నాను. నిజమే చెప్పాను. అయినా ఆయన సత్యవతి వైపు చూశాడు. ఆమె తల ఊపాక రాసుకున్నాడు.