తెలియదన్న నూనె సారు

“ఒక్క చుక్క నూనె ఇయ్యి సారూ. మా ఆయనకు కామెర్లు ముదిరినయ్.”

“ఇవ్వలేనమ్మా. ఈ నూనె గాజు గొట్టంలో వైరస్‌ను ఆపింది. మనిషిలో ఏం చేస్తుందో ఇంకా తెలియదు. ఆయన్ని స్కూటరెక్కించండి, ఆసుపత్రికి తీసుకెళ్తాను.”

“తెల్వదా? మరి నాతోని గిన్నొద్దులు ఆకెందుకు తెంపిచ్చినవ్? నీ నూనె నీ నెత్తికే రాసుకో!”

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. తొంభైల నాటి ముచ్చట. ఇప్పుడు శంషాబాద్‌లో విమానాలు దిగే చోట అప్పుడు వావిలి పొదలుండేవి. ఆ నూనె సారు కోస్తా నుంచి వచ్చిన పరిశోధకుడు. ఎండ తగిలితే ఆకులోని నూనె ఎగిరిపోతుందని పొద్దు పొడవకముందే నాతో కోయించేవాడు. ఆకు నలిపి, కళ్లు మూసుకుని వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టేవాడు. “మీరు చెప్పండమ్మా, ఘాటు తగ్గిందా?” అనేవాడు. అంతకుముందు నన్ను ఎవరూ ఏదీ అడిగి ఎరుగరు.

ఆ రోజు స్కూటర్‌ను వెనక్కి పంపేశాను. ఊళ్లో కామెర్లకు ఆకు పసరు పోసేవాడు “మూడొద్దుల్ల లేస్తడు” అన్నాడు. నాకు ఆ మాటే కావాలి అప్పుడు. నాలుగో రోజు మా ఆయన పోయాడు.

ఇది మోసీ మోసీ అలసిపోయి, మా చెల్లె బిడ్డతో రాయిస్తున్నాను.

“బిడ్డా, నేను తిట్టింది గూడ రాసినవా? ఇడ్సిపెట్టకు. ఏది, మొదటికెల్లి చదువు, వింట.”