బంద్ నాటి పల్సర్ పాఠం

మా ఫిజిక్స్ సార్ పోయారని మొన్న ఆదివారం స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. నాగోల్‌లో వాళ్ల ఫ్లాటుకు చేరేసరికి అన్నీ అయిపోయాయి. బతికుండగా పదేళ్లకు పైగా ఆయన గడప తొక్కనిదాన్ని, ఆలస్యమైందని ఎవరితో చెప్పుకోను?

ఆయనది కృష్ణా జిల్లా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మిద్దె మీది గదిలో డిగ్రీ పిల్లలకు ట్యూషన్ చెప్పేవారు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేసేవారు కాదు. సిలబస్ అయ్యాక తనకిష్టమైన పల్సర్ల దగ్గరికి వచ్చేవారు.

"చచ్చిపోయిన నక్షత్రాలమ్మా. అయినా గిర్రున తిరుగుతూనే ఉంటాయి. తిరిగినప్పుడల్లా వాటి రేడియో సంకేతం మనల్ని తాకుతుంది, గడియారమంత కచ్చితంగా. అంతరిక్షమే అలలా కదిలే గురుత్వ తరంగం వస్తే దూరాలు రవ్వంత సాగుతాయి, ముడుచుకుంటాయి, సంకేతం రవ్వంత ముందో వెనకో అవుతుంది."

నల్గొండ నుంచి వచ్చిన మాకు బస్సులతో చెప్పారు. "ఎల్బీ నగర్‌లో నిలబడి చూడండి. సాగర్ బస్సు ఒక్కటే ఆలస్యమైతే ఆ బస్సుకేదో అయినట్టు. అన్ని దార్ల బస్సుల్లోనూ ఒక పద్ధతిగా తేడా కనబడితే, ఏదో జరిగింది మన చౌరస్తాలోనే. ఆ బస్సులే పల్సర్లు, చౌరస్తా మన భూమి."

"ఎన్నేండ్లు చూడాలె సార్?" అని అడిగాను.

"పదిహేనో, ఇరవయ్యో. ఓపిక కూడా ఒక పరికరమేనమ్మా."

నన్ను ఎమ్మెస్సీ చదివించి ఆ పనిలోకి పంపాలని ఆయన ఆశ. దరఖాస్తు కూడా తెప్పించారు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఒక బంద్ నాడు, నడిచి వచ్చిన మా నలుగురికీ సార్ పాఠం మొదలుపెట్టారు. ముందురోజే మా తమ్ముడి వీపు మీద లాఠీ వాతలు చూశాను. ఉండబట్టలేక లేచాను.

"బంద్ నాడు క్లాసేంది సార్? మా పోరగాళ్లు దెబ్బలు తింటుంటె మీకు నక్షత్రాలు కావాల్నా? మీది గీ ఊరు కాదు, మీకెట్ల తెలుస్తది?"

ఆయన చేతులు రుమాలుకు తుడుచుకున్నారు. "నీ కోపం తప్పు కాదమ్మా. కానీ నువ్వు పుట్టకముందు నుంచీ నేనిక్కడే ఉన్నాను," అన్నారు. అంతే.

నేను మెట్లు దిగాను. మళ్లీ ఎక్కలేదు. దరఖాస్తు నింపలేదు, బ్యాంకు ఉద్యోగంలో చేరాను. తెలంగాణ కోరుకున్నందుకు నాకు ఈనాటికీ పశ్చాత్తాపం లేదు. ఆ కోపాన్నంతా తెచ్చి ఆ ఒక్క మనిషి మీద కుమ్మరించినందుకే.

కొన్నేళ్ల కిందట మెట్రోలో వెళ్తూ ఫోన్లో వార్త చదివాను. పల్సర్ల సంకేతాల్లో గురుత్వ తరంగాల ఆనవాళ్లు దొరికాయట. పనిచేసినవాళ్లలో మన దేశం వాళ్లూ ఉన్నారు. సార్ నంబరు తీశాను. ఏమని మొదలుపెట్టాలో తోచక, దిగాల్సిన స్టేషన్ వస్తే దిగిపోయాను.

ఆదివారం నా పేరు చెప్పగానే సార్ భార్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఆ పల్సర్ల వార్త వచ్చిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చున్నారమ్మా. ట్యూషన్ పిల్లలెవరైనా వస్తారు, పాలు ఇంకో రెండు ప్యాకెట్లు తెప్పించమన్నారు. చీకటి పడేదాకా నన్ను తలుపు వెయ్యనివ్వలేదు."