పూజలో పెట్టిన పుస్తకం

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అమ్మి, అంటే అమ్మ, మెట్‌పల్లిలో బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, నోట్లో ముచ్చట. ఆ చాట పక్కన కూర్చునే చదువుకున్నాను కాబట్టి, పీహెచ్‌డీకి బీడీ కార్మికుల కథలే తీసుకున్నాను. మా మీద కూడా కథలు రాశారా అని అమ్మి నమ్మలేదు. అయ్యాక అంతా చదివి వినిపిస్తానని మాటిచ్చాను.

ఒక్క అధ్యాయం తప్ప అన్నీ అయ్యాయి. దానికి కావలసింది ఒకే ఒక పాత కథల పుస్తకం. బీడీలు చుట్టిన ఒకామె తనే రాసిన తొమ్మిది కథలు. కాగితం ప్రతి మా యూనివర్సిటీ లైబ్రరీలో ఉండేది. ఈ-బుక్కులు వచ్చాక పాతవాటిని గోనెసంచుల్లో కట్టి స్టోర్‌రూమ్‌లో పడేశారు, చెదలు తిన్నాయి. "కంప్యూటర్ల ఉన్నది గదా మేడం, ఇంట్ల కూసొనే చదువుకోవచ్చు" అన్నారు. చదువుకోవచ్చు. అయితే ఒకసారికి ఒక్కరే. ఒకరు తెరిచింది వాళ్లు మూస్తేగానీ ఇంకొకరికి తెరుచుకోదు.

దసరా సెలవుల్లో ఫోన్‌లో తెరవబోతే, "ఈ పుస్తకం మరొకరు చదువుతున్నారు" అని వచ్చింది. మొదటిరోజు నిజంగా సంతోషపడ్డాను. మా బీడీల కథలు చదివే మనిషి ఇంకొకరున్నారు కదా అని. రెండోరోజూ అదే మాట. మూడోరోజు ఆ మనిషి మీద ఈర్ష్య పుట్టింది. వారం గడిచేసరికి నేను తిట్టని తిట్టు లేదు. లైబ్రరీకి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కులేదు. థీసిస్ గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. సెలవుల తర్వాత తెరిచే మొదటిరోజే ఆఖరు.

ఆ రోజు పొద్దున్నే వెళ్లి లైబ్రరీ గడప మీద కూర్చున్నాను. తాళాలున్న ఆయన ఊరినుంచి మధ్యాహ్నం దాటాక వచ్చాడు. లోపల కొత్త ఈ-లైబ్రరీ గది. బల్ల మీద కంప్యూటర్, దానికి పసుపు, కుంకుమ, వాడిన బంతిపూల దండ. మౌస్ కదిపితే తెర వెలిగింది. చూస్తే నా పుస్తకమే, మొదటి పేజీ. ఆయుధపూజ నాడు యూనివర్సిటీ పెద్దసారుతో గది మొదలుపెట్టించి, మన ప్రాంతపు పుస్తకమని దీన్నే తెరిచి చూపించారట. అలాగే వదిలేసి పోయారు. ఇన్నాళ్లూ నేను తిట్టింది ఖాళీ కుర్చీని.

"ముట్టకుండ్రి మేడం" అన్నాడు తాళాలాయన. "పూజల పెట్టింది. పూజ జేసిన అయ్యగారు మల్ల వచ్చి కదిలిస్తనన్నడు, ఇంక రాలే. గందుకే బంద్ చెయ్యలే."

"గిన్ని రోజులు దీన్ని ఎవ్వలు చదివిండ్రే అన్నా?"

"ఎవ్వలు చదువుతరు మేడం? సెలవులు గదా."

పూజ మీద నాకు కోపం లేదు. మా గల్లీ దర్జీ కూడా దసరాకు కుట్టుమిషన్‌కు బొట్టు పెడతాడు. పండుగ కాగానే అదే మిషన్ మీద జాకెట్లు కుడతాడు. వీళ్లకు మాత్రం పుస్తకం దండ వేయడానికి పనికొచ్చింది, చదువుతానంటే ముట్టరానిదైంది. ఆ మాట మొహం మీదే అనేశాను. దండ తీసి పక్కన పెట్టి ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

అప్పటికి మూడైంది. ఆఫీసు ఐదుకు మూస్తారు. తొమ్మిదింట్లో రెండు కథలే చదవగలిగాను. గబగబా ఆ అధ్యాయం పేజీన్నర రాసి, స్పైరల్ బైండింగ్ చేయించి, కౌంటర్ మూస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి ఇచ్చాను.

డాక్టరేట్ వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. పేజీన్నర సంగతి ఎవరూ అడగలేదు.

మాటిచ్చినట్టే అమ్మికి చదివి వినిపించాను. వేరేవాళ్లు రాసిన కథల గురించి చెబుతుంటే చుడుతూనే విన్నది. ఇది బీడీలు చుట్టినామె తనే రాసింది అనగానే చాట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని దగ్గరికి జరిగింది. ఆ పేజీన్నర చదివాను. అయిపోయిందన్నాను.

"హమారీ బాత్ ఇత్తీచ్ క్యా?" అన్నది. మా ముచ్చట ఇంతేనా అని.

అమ్మి చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.