అక్క ఇంటి కింద ఉక్కు తాళ్లు

కొత్త భవనానికి పునాది గొయ్యి తవ్వుతుంటే పక్కనే ఉన్న అక్క ఇంటి గోడ బీటలిచ్చింది. ఇల్లు ఖాళీ చేద్దామని ఆమె సామాన్లు మూటగట్టుకుంది. గొయ్యి అంచు జారకుండా మట్టిలోకి ఏటవాలుగా రంధ్రాలు తొలిచి, ఉక్కు తాళ్లు దించి, సిమెంటు నింపి, గట్టిపడ్డాక జాకీతో లాగి బిగించే పని తమ్ముడిది.

"నా కొంపకి ముక్కుతాడేస్తున్నావట్రా?"

"కొంపకి కాదక్కా, నేలకి."

ఒక తాడు లాగుతుండగా జాకీ మీటరు ముల్లు వెనక్కి జారింది; మట్టిలో తాడు పట్టు వదులుతోంది. "కాస్త తక్కువ బిగించి వదిలేద్దాం" అన్నాడు మేస్త్రీ. తమ్ముడు ఒప్పుకోలేదు. పక్కనే రాయి తగిలేదాకా తొలిచి మరో తాడు దించాడు. సిమెంటు గట్టిపడ్డాక, మోయాల్సిన బరువుకన్నా ఎక్కువే లాగి పట్టాడు. ముల్లు కదల్లేదు.

"మూటలు విప్పుకో అక్కా."

"నిజంగానే అంటున్నావా, నా ఏడుపు చూడలేకా?"

"నీ ఏడుపు చూసి ముల్లు ఆగదక్కా."

అక్క ముందుగా స్టవ్ ఉన్న మూట విప్పింది.