చెవులు మూసుకుని లైటు చూసే మావయ్య

మావయ్య ఏ లైటునైనా చెవులు మూసుకునే చూస్తాడు. కళ్ళతో చూడడా అంటే చూస్తాడు. కానీ ముందు రెండు చూపుడు వేళ్ళూ రెండు చెవుల్లోకి వెళ్ళాలి, లైటు కింద ఎవరో ఒకరు నిలబడి ఏదో ఒకటి మాట్లాడాలి. ఆ ముఖంకేసి కాసేపు గుచ్చిగుచ్చి చూసి, వేళ్ళు బయటికి లాగి, పాసో ఫెయిలో తేల్చేస్తాడు. బతుకంతా రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసినవాడు. ఆయన దృష్టిలో లోకంలో ప్రతిదీ చెల్లేదన్నా కావాలి, చెల్లనిదన్నా కావాలి.

ఇలాంటి ఇంటికి కోడలుగా వచ్చిన అమ్మాయి, ఏ భవనానికి ఏ లైటు పెట్టాలో చెప్పే ఇంజనీరు. పెళ్ళైన కొత్తలోనే హడలిపోయింది. హోటల్లో మావగారు వెయిటర్ని దీపం కిందికి జరిపి, "బాబూ, మెనూ మొత్తం చదువు," అని చెవులు మూసుకున్నాడు. పాపం అతను సూపుల దగ్గర్నుంచి ఐస్‌క్రీముల దాకా ఏకరువు పెట్టాడు.

"ఫెయిల్!"

వెయిటర్ ముఖం మాడిపోయింది.

"నువ్వు కాదయ్యా, లైటు!"

లైట్ల షోరూములో అయితే సేల్స్‌మన్ బాగా నొచ్చుకున్నాడు. "సార్, మా ఎల్‌ఈడీలు చప్పుడు చెయ్యవండీ!"

వాళ్ళ అపార్ట్‌మెంటు ఆవరణలో పాత పసుపు బల్బులు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, సంఘం కార్యదర్శి మేడ మీద ఓ ఫ్లడ్‌లైటు బిగించాడు. సూది పడితే కనపడాలని ఆయన పట్టుదల. పాత బల్బులే కావాలని పెద్దవాళ్ళ గొడవ. చదువుకున్న మనిషివి, నువ్వే తేల్చమని కోడలి నెత్తిన పెట్టారు. ఈ రాద్ధాంతంలో లేనిది ఒక్క టైలరమ్మే. కింది వాటాలో ఉంటుంది. ఒకప్పుడు సాయంత్రమైతే బెంచీ మీద ఆవిడదే రాజ్యం. ఫ్లడ్‌లైటు వచ్చాక చీకటి పడగానే తలుపు వేసేసుకుంటోంది. గర్వం పెరిగిందన్నారు అందరూ.

తేల్చే సాయంత్రం రానే వచ్చింది. ఫ్లడ్‌లైటు కింద కార్యదర్శి విజయుడిలా నిలబడ్డాడు. మావయ్య వేళ్ళు చెవుల్లోకి వెళ్ళాయి.

"ఏదీ, కాస్త మాట్లాడండి."

"ఏం మాట్లాడమంటారు?"

"మీ ఇష్టం. నాకెలాగూ వినపడదుగా!"

జనం ఘొల్లుమన్నారు. లైటు ఫెయిల్. పెద్దవాళ్ళు మావయ్యని ఆశగా పాత బల్బు దగ్గరికి లాక్కెళ్ళారు. దాని గుడ్డివెలుగూ ఫెయిలే.

"అసలు మీరే పార్టీ అండీ?" కార్యదర్శికి చిర్రెత్తింది. "ఈ పూట తేలకపోతే రేపు నాలుగు మూలలా ఫ్లడ్‌లైట్లు బిగించేస్తాను, అంతే!"

కోడలికి ఒళ్ళు మండింది. ఇందులో ఏ బ్రహ్మరహస్యముందో చూద్దామని, ఉక్రోషంగా తనూ చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది.

గోల ఆగిపోయింది. కార్యదర్శి ఇంకా వాదిస్తున్నాడు. పైనుంచి పడే ఫ్లడ్‌లైటు వెలుగులో ఆయన కళ్ళు రెండు గుంటలు, ముక్కు నీడ పడి నోరు ఒక మసక. అది ముఖం కాదు, ముసుగు. ఒక్క మాటా అందలేదు. ఇన్ని భవనాలకి లైట్లు పెట్టించింది, ఏ ఒక్కదాన్నీ ఇలా చూడలేదు.

పక్కకి తిరిగితే మావయ్య చూపు కార్యదర్శి మీద లేదు. ఓరగా తెరిచిన టైలరమ్మ తలుపు మీద ఉంది. ఆవిడ ఒక్కొక్క ముఖాన్నీ తడుముతున్నట్టు చూసి, తలుపు మూసేసింది.

"మావయ్యా! ఆవిడకి..."

"అరవకు. ఆవిడకి కాదు, వీళ్ళకి వినపడుతుంది."

ఆయన గొంతు బాగా తగ్గించాడు. "ఆ మధ్య జ్వరంలో వినికిడి పోయింది. పెదాలు చూసి నెట్టుకొస్తోంది. ఓసారి నడుం కొలత దగ్గర ఇద్దరం దెబ్బలాడుకుంటుంటే కరెంటు పోయింది. నేను అరుస్తూనే ఉన్నాను, ఆవిడ కిక్కురుమనలేదు. నాకు ఎదురు చెప్పకుండా ఆవిడ ఉండడమా! అప్పుడు తెలిసింది. ఎవరికైనా చెబితే ఇస్త్రీపెట్టెతో వాత పెడతానంది. జాలి చూపిస్తే రెండు వాతలట."

"అయితే ఆ హోటళ్ళూ, షోరూములూ..."

"ఈ బల్బులు ఆరిపోవడం మొదలైనప్పట్నుంచీ, ఆవిడకి పనికొచ్చే లైటు ఎక్కడైనా దొరక్కపోతుందా అని. ఏది పనికిరాదో తెలుస్తోంది గానీ, ఏది కావాలో నాకు తెలిస్తే కదా! అది నీ పని."

ఒక పొరుగు మనిషి నాలుగు కబుర్లు వినడం కోసం, ఈయన ఊరంతటి చేతా పిచ్చివాడనిపించుకుంటూ తిరిగాడు! మరుక్షణం కోడలు పైన తమ ఇంట్లోకి పరిగెత్తి తన నమూనాల పెట్టె తెచ్చింది. లేత పసుపు రంగు ఎల్‌ఈడీలు, పైన పాలగాజు మూతలు. బెంచీకి అటూ ఇటూ గోడలకి, తల ఎత్తుకి కాస్త పైన తగిలించింది. ఫ్లడ్‌లైటు ఆర్పించింది.

స్విచ్చి వేసింది. వెలుగు నెత్తిన కుమ్మరించినట్టు పడలేదు. పక్కలనుంచి వచ్చి చెంపల మీద వాలింది. మసకలోంచి ఒక్కొక్క ముఖమే, అప్పుడే ఎవరో గీస్తున్నట్టు, కళ్ళతో, పెదాలతో, ముడతలతో సహా పైకి తేలింది.

"ఏమండీ," అంది కార్యదర్శి భార్య, "మీకింత మంచి ముఖం ఉందని ఇన్నాళ్ళూ చెప్పనేలేదు!"

ఇంక ఓటింగు అవసరం లేకపోయింది.

"ఇవి మన పాత బల్బులేగా?" అన్నారు పెద్దవాళ్ళు సంబరంగా.

"ఎల్‌ఈడీలేనండీ. రంగే పాతది," అంది కోడలు.

మావయ్య దూరంగా వెళ్ళి చెవులు మూసుకున్నాడు. కార్యదర్శి ఏదో గొణిగాడు. మావయ్య ఒక్కొక్క ముక్కే కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు: "ఈ... ముసలాయనకి... పిచ్చి... ముదిరింది. పాస్!"

తలుపు మళ్ళీ తెరుచుకుంది. టైలరమ్మ వచ్చి బెంచీ మధ్యలో కూర్చుంది. మావయ్య ఆవిడవైపు చూడనైనా చూడలేదు. గోడకి తగిలించిన లైటు వంకరగా ఉందని కోడలితో పేచీ పెట్టుకున్నాడు.

అంతలో దూరంగా, అవతలి గోడ లైటు దగ్గర కార్యదర్శి తన భార్య చెవిలో గుసగుసలాడాడు. "వచ్చింది మహాతల్లి. ఆవిడ కుట్టిన ప్యాంటు వేసుకుని కూర్చుంటే చాలు, పిగిలిపోతోంది."

"తప్పు కుట్టుది కాదండీ, పొట్టది!" బెంచీ మీంచి ఖంగుమంది టైలరమ్మ.

కార్యదర్శి అదిరిపడ్డాడు. "అమ్మో! పాము చెవులండీ ఆవిడవి!"

"మరేమనుకున్నారు?" అన్నాడు మావయ్య, ముఖంలో నవ్వన్నది లేకుండా. "ఆవిడున్నచోట గుసగుసలు కూడా పనికిరావు."