నిలబడే తురుముపీట

మోకాళ్లు అరిగాయి, ఇక కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పాక మా ఆవిడ కత్తిపీట అటకెక్కింది. వంటగట్టు దగ్గర నిలబడి వాడుకునే తురుముపీట కోసం బెజవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లాను.

“ఏం తురుముతారండీ?” అని కొట్టాయన అడిగితే చిరాకేసింది.

“మా వంటిల్లే ఇంత. అందులో పట్టేది ఇవ్వండి” అన్నాను.

నాలుగు పక్కలా కన్నాలున్న, నిలువుగా నిలబడేది ఇచ్చాడు.

సాయంత్రం ఆవిడ క్యారెట్లు తురిమింది. ఎవరి కాలూ తెగకుండా ఇన్నేళ్లూ కత్తిపీటను పెట్టినట్టే, దీన్నీ కడిగి పక్కకి పడుకోబెట్టింది.

“ఇది కత్తిపీట కాదుగా. నిలబెట్టు, చోటు కలిసొస్తుంది” అన్నాను.

ఆవిడ గట్టు పట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి ఒరిగింది.

“దాన్నన్నా పడుకోనివ్వండి” అంది.