కొత్త కొట్టు బోణీ, పాత లాప్‌టాప్

ఈ నెలలో రాజాం నుంచి నెల్లిమర్ల దాకా నా గురించి మాట్లాడుకోని ఇల్లు లేదు. నేనేమీ దొంగతనం చెయ్యలేదు, ఎన్నికల్లో నిలబడలేదు. ఒక పాత లాప్‌టాప్‌ని దారిలో పెడదామనుకున్నాను, అంతే.

రాజాంలో మాది స్టీలు సామాన్ల కొట్టు. కింద కొట్టు, మేడ మీద ఇల్లు. మా అబ్బాయి సూరిబాబు విజయనగరంలో రెండో కొట్టు తెరవడానికి ముహూర్తం పెట్టుకున్నాడు. మా కొట్లో ఏ కొత్త సరుకు దిగినా బోణీ నా చేత్తోనే. నేను ఒక చెంచా అయినా కొన్నాకే లోకానికి అమ్మకం. అలాంటిది మావాడు కంచంలోంచి తల ఎత్తకుండా, "అమ్మా, ఆ కొట్టు బోణీ అత్తయ్యగారి చేత సేయిద్దామనుకుంటన్నాను. ఆవిడ చెయ్యి మంచిదని అందరూ అంటన్నారు" అన్నాడు.

అందరూ అంటే ఎవరో నాకు తెలీదా? చారు గిన్నె పట్టుకుని పక్కనే నిలబడింది, మా కోడలు పద్మ. ఆ అత్తయ్యగారు దాని కన్నతల్లి సత్యవతి, కాపురం నెల్లిమర్లలో. నేను మహా హుందాగా "అలాగే నాయనా" అన్నాను. ఆ దెబ్బకి ముద్ద దిగలేదు. పెరుగన్నం మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాను.

ఇంత కడుపుమంట శ్రీకాకుళంలో ఉన్న మా చెల్లెలు చిట్టికి చెప్పుకోకపోతే నేను బతకను. నా ఫోను కొత్తది, నోటితో చెబితే రాసేసుకుంటుంది. కోడలు పూలు కొనడానికి కిందకి దిగగానే గడగడా చెప్పేశాను. కానీ ఫోన్లో అక్షరాలు ఆవగింజలంత ఉంటాయి. తప్పులు దిద్దాలంటే లాప్‌టాప్ కావాలి.

ఆ లాప్‌టాప్ సంగతి వినండి. కొట్టుకి కొత్త కంప్యూటరు కొనుక్కుని సూరిబాబు పాతదాన్ని నాకు దానం చేశాడు. బరువు రుబ్బురోలంత. ఫ్యాను తిరిగిందంటే వీధిలో జనం రైసుమిల్లు పెట్టామనుకుంటారు. ఆ మధ్య అదే అడిగింది, అప్‌గ్రేడ్ అవ్వనా అని. అవ్వమన్నాను. అది అయ్యేలోపు వరి నాటి, కోసి, నూర్చుకోవచ్చు. ఇకమీదట ఫోనూ కంప్యూటరూ ఒకటైపోతాయి, ఫోన్లో కాపీ చేసింది కంప్యూటర్లో పేస్ట్ చేసుకోవచ్చు అని ముందు తెగ ఊరించింది. తీరా లేచి కూర్చున్నాక చూస్తే వెనకాల బొమ్మ మారింది, అంతే.

ఫోన్లో కాపీ కొట్టాను, లాప్‌టాప్‌లో పేస్ట్ అన్నాను. ఏమీ రాలేదు. వైఫై చూశాను, ఉంది. బ్లూటూత్ ఆపి మళ్ళీ పెట్టాను. కాపీ, పేస్ట్. లేదు. మెయిల్ వేరేదేమో అనుకున్నాను, అదీ కాదు. పాస్‌వర్డులు మర్చిపోతామని మా ఇంటిల్లిపాదికీ ఒక్కటే మెయిల్ పెట్టాడు సూరిబాబు, కొట్టు పేరు మీద. ఇంట్లో ఫోన్లన్నీ, కింద కొట్టు కంప్యూటరూ, నా రుబ్బురోలూ అన్నీ దాంట్లోనే. ఒకే గల్లాపెట్టె, ఒకే తాళం, అదీ మా వ్యాపారస్తుల పద్ధతి. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాను. ఫోన్ని దాని నెత్తి మీద పెట్టాను, దగ్గరితనం పెరుగుతుందని. దేవుడి దగ్గర కుంకుమ తెచ్చి మూల బొట్టు పెట్టాను. ప్రతి పూజకీ ముందో కాపీ, వెనకో పేస్ట్.

చివరికి సెట్టింగుల్లో ఏ మూలో చిన్న అక్షరాలతో రాసి ఉంది: మీ పరికరం పాతది కావడం వల్ల ఈ సదుపాయం లభించదు. పాతదానివని తెలిసీ అప్‌గ్రేడ్ ఎందుకయ్యావే అని అడిగాను. ఫ్యాను తిప్పింది. నాకూ పౌరుషం వచ్చింది. పాత అన్నందుకు కోపమొచ్చి మరో పది కాపీలు కొట్టాను.

సరిగ్గా అప్పుడు కింద సూరిబాబు కొత్త కొట్టు ఆహ్వానం కస్టమర్ల గ్రూపులో పెడుతున్నాడు. 'బంధుమిత్రులకు, మా కస్టమర్లకు సవినయ మనవి' అని చేత్తో కొట్టి, కింద ముహూర్తం సంగతంతా అచ్చుకిచ్చిన కార్డులోంచి కాపీ చేసుకున్నాడు. ఈలోపు ఎవరో బిందెకి చిల్లుందని దెబ్బలాటకి వచ్చారు. వాళ్ళతో వాదిస్తూనే పేస్ట్ నొక్కి, చూడకుండా పంపేశాడు.

కాసేపటికి మెట్లెక్కి వచ్చాడు. ముఖం తోమని ఇత్తడి చెంబులా ఉంది.

"అమ్మా, ఏటి రాసావు?"

"నేనేటి రాసాను? పొద్దుటి నుంచీ ఒక్క అక్షరం దీన్లోకి రాలేదు."

"దీన్లోకి రాలేదు. కొట్టు కంప్యూటర్లోకి వచ్చీసింది."

ఫోను నా కళ్ళ ముందు పెట్టాడు. బంధుమిత్రులకు, మా కస్టమర్లకు సవినయ మనవి. దాని కింద నా మాటలు, ఒక్క తప్పు లేకుండా: "చిట్టీ, బోణీ వాళ్ళ అత్త చేత చేయిస్తాడటే. ఆ చెయ్యి సంగతి నాకు తెలీదా? పాలు కాస్తే విరుగుతాయి, మొక్క నాటితే మేక కూడా ముట్టుకోదు. ఆ చెయ్యి పడితే మొదటి రోజే స్టీలు తుప్పు పడతాది."

కింద నలభై మంది బొటనవేళ్ళు ఎత్తారు. ఒకాయన ఆఫర్ ఎప్పటిదాకా అని అడిగాడు. సూరిబాబు చెరిపేశాడు గాని, చెరిపేలోపే ఆ గ్రూపులో ఉన్న సత్యవతి చదివేసింది.

అప్పటి నుంచి ఇంట్లో కర్ఫ్యూ. పద్మ టీ తెచ్చి ఇచ్చేది, చక్కెర మాత్రం వంటింట్లోనే ఉండిపోయేది. వాళ్ళమ్మ రాకపోతే తనూ కొత్త కొట్టు గడప తొక్కనంది. మావాడు నాతో మాట్లాడ్డం మానేసి లాప్‌టాప్ వంక చూసేవాడు. కోడలు లేకుండా కొట్టు తెరిస్తే విజయనగరం అంతా ఏమనుకుంటుంది? తప్పలేదు, నెల్లిమర్ల ఫోన్ చేశాను. వదినా, నాదేం లేదు, అంతా ఆ లాప్‌టాప్ చేసిన పనే అన్నాను.

"అలాగా వదినా," అంది సత్యవతి, వెన్నలాంటి గొంతుతో. "నా చెయ్యి సంగతి దానికెవరు సెప్పారో."

వస్తానని అనలేదు, రానని అనలేదు. పెట్టేసింది.

ముహూర్తం రోజు పూజ అయింది, కొబ్బరికాయ కొట్టారు. గుమ్మం ఖాళీగా ఉంది. సూరిబాబు నా వైపు తిరిగి, ఇక నువ్వే కానీ అన్నట్టు చూశాడు. అబద్ధమెందుకు, చెంగున ముడేసిన నోటు అప్పటికే సగం విప్పాను. అంతలో ఆటో దిగింది సత్యవతి, పట్టుచీరలో రథంలా.

లోపలికొచ్చి కొట్టంతా కలయజూసింది. బిందెలు చూపించాడు మావాడు, వద్దంది. కుక్కరు వద్దంది. పై అరలో ఉన్న ఓ పళ్ళెమంత మూత దింపించింది. గిన్నె లేదు, ఉత్త మూత. డబ్బులు మావాడి చేతిలో పెట్టి కళ్ళకద్దుకుంది. ఆ మూత తెచ్చి అందరి ముందూ నా రెండు చేతుల్లో పెట్టింది.

"ఉంచు వదినా. సైజు సరిపోకపోతే సెప్పు, పెద్దది చూద్దాం."

కొట్టంతా నవ్వింది. పద్మ కూడా నవ్వింది, మర్నాటి నుంచి టీలో చక్కెర తిరిగొచ్చింది. బోణీ రోజు సాయంత్రం దాకా జనం వస్తూనే ఉన్నారు, చెయ్యి నిజంగానే మంచిదని ఇక ఒప్పుకోక తప్పదు. మూత మాత్రం కాస్త చిన్నదే. లేకపోతే మీకిదంతా చెప్పగలిగేదాన్నా?